సన్న తీగే కదా అనుకుంటే.. ప్రాణాల మీదికే!

కోలారు, చిక్కబళ్లాపూర్‌, హొసూరు చుట్టుపక్కల తెలుగు రైతుల్లో చాలామందికి బోర్లే ఆధారం. త్రీఫేజ్‌ కరెంటు ఒక్కోసారి అర్ధరాత్రి వస్తుంది. చీకట్లో పొలానికి పోలేక కొందరు స్టార్టరు నుంచి ఇంటి దాకా సన్న తీగలు లాగి స్విచ్చు పెట్టుకుంటున్నారు. మరికొందరు మొబైల్‌ స్టార్టరు బిగించుకున్నారు. సౌకర్యం బాగానే ఉంది.. మరి భద్రత?

తీగ సన్నం.. వోల్టేజీ కాదు
స్టార్టరులో ఆకుపచ్చ బటన్‌ నొక్కితే లోపలి కాయిల్‌కు కరెంటు అంది, కాంటాక్టరును లాగి పట్టుకుంటుంది. ఎర్ర బటన్‌ నొక్కితే వదిలేస్తుంది. మోటారు లోడు ఈ బటన్ల గుండా పోదు కాబట్టి కాలింగ్‌ బెల్లు తీగ చాలనుకుంటారు. కానీ త్రీఫేజ్‌ స్టార్టర్లలో చాలావాటికి ఆ కాయిల్‌ రెండు ఫేజుల మధ్య ఉంటుంది. అంటే ఇంటి దాకా లాగిన తీగలోనూ 415 వోల్టులే! ఎలుక కొరికినా, ఎండకు పైపొర చిట్లినా ఆ తీగ తగిలిన ఇనుప కంచెకూ షాకే. ఫ్యూజు కాపాడుతుందనుకోలేం. మోటారుకు సరిపడా వేసిన ఫ్యూజు, మనిషి ప్రాణం తీసే కొద్దిపాటి కరెంటుకు పోదు.

కోడ్‌ చెప్పేదిదే
వోల్టేజీ, పవరు రెండూ పరిమితం చేసిన సర్క్యూట్లకే అమెరికా విద్యుత్‌ కోడ్‌ సన్న తీగ సడలింపు ఇస్తుంది. మిగతా కంట్రోల్‌ తీగలకు కరెంటు తీగల నియమాలే. మన దేశ ప్రమాణాల్లో 50 వోల్టుల లోపు ఏసీనే ‘ఎక్స్‌ట్రా లో వోల్టేజీ’. స్విచ్చు దూరంగా కావాలంటే ట్రాన్స్‌ఫార్మరు పెట్టి 24 వోల్టుల కంట్రోల్‌ చేయించుకోవడం మేలు. ఆ తీగను కరెంటు తీగలున్న పైపులో వేయకూడదు. 415 వోల్టులే ఉంచితే మోటారుకు వాడే తరహా కేబులే, పైపులోనే వేయించాలి.

ఫోన్‌లో ‘ఆఫ్‌’ వచ్చిందా?
మోటారు ఆగిందని మాత్రమే దానర్థం. స్టార్టరు లోపల కరెంటు అలాగే ఉంటుంది. ఆటోలో ఉంటే, పోయిన కరెంటు రాగానే మోటారు తనంతట తానే తిరుగుతుంది. బోరు మీద చెయ్యి వేసే ముందు మెయిన్‌ స్విచ్చు దించి, ఫ్యూజులు పీకి జేబులో వేసుకోండి.

కేంద్ర విద్యుత్‌ ప్రాధికార సంస్థ 2023 భద్రతా నిబంధనల ప్రకారం వైరింగు పని లైసెన్సు ఉన్న కాంట్రాక్టరుతోనే చేయించాలి. పిలిచినప్పుడు ఒక్కమాట అడగండి.. ‘ఇంటికొచ్చే తీగలో ఎన్ని వోల్టులన్నా?’