థైరాయిడు చికిత్సయందలి నడిమి దినములు

చలికాలమునను చెమట పట్టుచు, కూర్చున్నచోటనే గుండె దడదడ కొట్టుకొనుచు, ఆకలి హెచ్చినను దేహము చిక్కిపోవుచున్నచో, మెడయందలి థైరాయిడు గ్రంథి మితిమీరి రసమును స్రవించుచున్నదేమో యని రక్తపరీక్ష చేయింపవలెను. 1898లో డాక్టరు అన్నా కుగ్లరు దొరసానిగారు గుంటూరున వైద్యశాల తెరచునాటికి దీనికి మాత్ర లేదు. 1943లో ఆస్టువుడను అమెరికా వైద్యుడు మందుతోడి చికిత్సకు దారి చూపెను. నేడు వాడుకయందున్నది కార్బిమజోలు.

మాత్రలు మ్రింగుచున్నను దడ తగ్గదేమని రోగి యడుగును. మందు క్రొత్త రసము పుట్టుటను మాత్రమే యాపును. గ్రంథిలో నిలువయున్నది వ్యయమగుటకు కొన్ని వారములు పట్టును. కోత నిలిచినంతమాత్రమున గిడ్డంగిలోని మిరప బస్తాలు తరుగునా? ఆ నడిమి దినములలో దడకును వణకునకును వైద్యులు ప్రొప్రనొలాలు నిత్తురు. ఉబ్బసము గలవారు ఆ సంగతి ముందే చెప్పవలెను. రోగి చిరాకు పడినచో ఇంటివారు సహింపవలెను. అది యా రసము పని. చేవ్రాత చెడినదని ఒక బాలుని మందలించి, పిదప కారణ మెరిగి మేమును సిగ్గుపడితిమి.

అన్నింటికంటె ముఖ్యమైనది వేరొకటి కలదు. అరుదుగా కార్బిమజోలు రక్తములోని తెల్లకణములను క్షీణింపజేయును. గొంతునొప్పియు జ్వరమును కలిగినపుడు మన యూళ్లలో మిరప ఘాటని త్రోసివేయుదురు. ఈ మాత్ర వాడువా రట్లు చేయరాదు. మాత్ర నిలిపి, ఆ దినముననే వైద్యుని జేరి తెల్లకణముల లెక్క చేయింపవలెను.