వల రింగుకు ఆర్గాన్ అతుకు

రాయపూర్ నుంచి సంబల్‌పూర్ వైపు వెళ్తే మహానది వంతెనకు ముందు ఆరంగ్ వస్తుంది. భాండ్ దేవల్ అనే పాత జైన మందిరానికి పేరున్న ఊరు. ఈ నదీతీరంలో కేవట్లు, ధీమర్లు తరతరాలుగా చేపలు పడుతున్నారు. వల తాడుకైనా గాలం తాడుకైనా, రాపిడి పడే చోట ముడి ఒక్కటే ఉంటే త్వరగా తెగుతుంది. అక్కడ చిన్న లోహపు రింగు వేస్తే తాడు దాని మీద జారుతుంది.

విశాఖ తీరంలోనైతే రింగు పేరే వలకు పేరైంది. రింగు వల అడుగు అంచున వరసగా రింగులుంటాయి, వాటిలోంచి తాడు పోతుంది. చేపల గుంపు చుట్టూ వల దింపి తాడు లాగితే, డబ్బు సంచి మూతి బిగిసినట్టు అడుగు మూసుకుంటుంది. ఈ వలల వాడకం మీద 2022 జనవరిలో అక్కడి మత్స్యకారుల మధ్య పెద్ద గొడవే జరిగింది. ఆ వివాదాన్ని పక్కన పెట్టి రింగు సంగతే చూద్దాం.

రింగులో బలహీనమైన చోటు అతుకే. మామూలు రాడ్ వెల్డింగ్‌తో కూడా అది గట్టిగానే నిలుస్తుంది. కానీ చుట్టూ చిటపటలు అంటుకుంటాయి, పైన స్లాగ్ పెంకు కడుతుంది. ఆ గరుకు నైలాన్ దారాన్ని రోజూ కొంచెం కొంచెం కోస్తుంది. షాపుల్లో ఆర్గాన్ వెల్డింగ్ అని పిలిచే టిగ్ ఇక్కడే పనికొస్తుంది. టార్చ్‌లో ఉండే టంగ్‌స్టన్ కడ్డీ 3422 డిగ్రీల సెంటీగ్రేడ్ దాకా కరగదు కాబట్టి దాని మొన నుంచి ఆర్క్ మాత్రమే వస్తుంది. ఆర్గాన్ వాయువు కరిగిన లోహానికి గాలి తగలనివ్వదు. అందుకే స్లాగ్ ఉండదు, చిటపటలు దాదాపు ఉండవు.

3 మిల్లీమీటర్ల స్టీలు తీగను 25 మిల్లీమీటర్ల కడ్డీ మీద స్ప్రింగులా చుట్టి, పొడవునా రంపంతో కోస్తే రింగులు విడిపోతాయి. రెండు చివరలూ కాంతి దూరనంత దగ్గరగా కలవాలి. పనంతా ఇక్కడే ఉందని నా నమ్మకం. సందు ఉంటే లోహం రెండు వైపులకీ వెనక్కి లాక్కుపోయి చెరో గోళీలా ముద్ద కడుతుంది. రింగును రాగి పలక మీద నొక్కిపెట్టి, ఎర్త్ క్లాంపు ఆ పలకకే తగిలించాలి. రాగి వేడి లాగేస్తుంది, స్టీలు దానికి అంటుకోదు. కరెంటు 50 ఆంపియర్ల చుట్టుపక్కల మొదలుపెట్టి చూసుకోవచ్చు. ఇంత చిన్న ముక్కకు ఒకటి రెండు సెకన్ల ఆర్క్ చాలు. ఫిల్లర్ తీగ చుక్కంత తగిలించకపోతే అతుకు మెడలా సన్నబడుతుంది. ఆర్క్‌ను ఒక్కసారిగా ఆపకుండా కరెంటు తగ్గిస్తూ రావాలి, లేకపోతే చివరి గుంటలో పగులు పడుతుంది. టార్చ్‌ను కూడా ఎరుపు తగ్గేదాకా అక్కడే ఉంచి ఆర్గాన్ తగలనివ్వాలి.

నది నీటికి 304 రకం స్టెయిన్‌లెస్ సరిపోతుంది. ఉప్పునీటికి మాలిబ్డినం కలిసిన 316 మేలు. కొనేటప్పుడు అయస్కాంతాన్ని నమ్ముకోవద్దు. చవకగా దొరికే 202 రకానికి కూడా అది సరిగా అంటుకోదు, కానీ తుప్పు త్వరగా పడుతుంది. అతుకు చుట్టూ మిగిలే నీలి, ఊదా మరకల్ని స్టెయిన్‌లెస్ బ్రష్‌తో, సన్నటి ఎమరీతో పోగొట్టాలి. ఉప్పునీటిలో తుప్పు అక్కడినుంచే మొదలవుతుంది.

గాల్వనైజ్డ్ తీగను మాత్రం వెల్డ్ చేయొద్దు. జింకు 907 డిగ్రీలకే మరిగి తెల్లటి పొగవుతుంది. అది పీలిస్తే కొన్ని గంటల తర్వాత చలి, జ్వరం వస్తాయి. పాలు తాగితే పోతుందని షాపుల్లో చెప్పే మాటకు ఆధారం లేదు. ఇత్తడిలోనూ జింకు ఉంటుంది కాబట్టి, ఇత్తడి రింగుకు వెండి టంకం వేయడం నయం. ఎంత చిన్న ఆర్క్ అయినా హెల్మెట్ లేకుండా చూస్తే రాత్రికి కళ్లలో ఇసుక పోసినట్టు మండుతుంది.

తయారైన రింగును రెండు కొక్కేల మధ్య తగిలించి, అతుకు పక్కకు వచ్చేలా పెట్టి, వల మోసే బరువుకు రెట్టింపు వేలాడదీయండి. తర్వాత దూది పింజను దాని చుట్టూ తిప్పండి. ఒక్క పోగు చిక్కుకున్నా అక్కడ మళ్లీ ఎమరీ పట్టాల్సిందే.