తెరపై నుండి తొలగిపోని షార్ట్‌కట్‌లు: కారణములు, ఉపాయములు

మా కళాశాల కంప్యూటరు ప్రయోగశాలలో విద్యార్థులు తరచుగా అడుగు ప్రశ్న ఒకటి కలదు. "సార్, ఈ ఐకాన్ ఎన్నిసార్లు డిలీట్ చేసినా పోవడం లేదు, ఏం చెయ్యమంటారు?" ప్రశ్న చిన్నదే. కాని తెలిసీ తెలియనివారు దీనికి చెప్పు సమాధానము మాత్రము పెద్ద నష్టమునకు దారి తీయుచున్నది. "ఫార్మాట్ కొట్టేయ్" అనునదే ఆ సమాధానము. తలనొప్పి వచ్చినదని తల తీయించుకొనుట వంటిది ఈ వైద్యము. కనుక ఈ విషయమును కొంత వివరముగా వ్రాయ సంకల్పించితిమి.

ముందుగా షార్ట్‌కట్ అనగా ఏమో తెలియవలెను. కొత్తగూడెములోని రైల్వే స్టేషనుకు 'భద్రాచలం రోడ్' అని పేరు. ఆ పేరు చూచి రైలు దిగిన యాత్రికుడు గుడి ఎదుటనే ఉన్నదని తలచరాదు. అక్కడి నుండి ఇంకను సుమారు 40 కిలోమీటర్లు ప్రయాణించి, సారపాక దాటి, గోదావరి వంతెన మీదుగా ఊరు చేరవలెను. స్టేషనులోని ఆ పలక భద్రాచలమునకు దారి చూపునే గాని తానే భద్రాచలము కాదు. 1995లో విండోస్ 95తో వచ్చిన షార్ట్‌కట్ సైతము అట్టి పలకయే. అది కొద్ది కిలోబైట్ల చిన్న ఫైలు. అసలు ప్రోగ్రాము ఏ డ్రైవులో, ఏ ఫోల్డరులో ఉన్నదో ఆ చిరునామా మాత్రమే అందులో ఉండును. బొమ్మ మూలన కనిపించు వంపు బాణము దాని గుర్తు. పలకను పీకివేసినంత మాత్రమున ఊరు పోదు. షార్ట్‌కట్‌ను తొలగించినంత మాత్రమున ప్రోగ్రాము పోదు. అయితే బాణము లేని బొమ్మ విషయములో జాగ్రత్త అవసరము. అది అసలు ఫైలే కావచ్చును.

ఇక తొలగింపబోయినపుడు విండోస్ నిరాకరించినచో, ఆ నిరాకరణ వాక్యమును చదువవలెను. మన విద్యార్థులలో చాలమందికి తెరపై ఏమి వచ్చినను చదువక 'ఓకే' నొక్కు అలవాటున్నది. సగము చికిత్స ఆ వాక్యములోనే ఉన్నదని వారు గ్రహింపరు.

అడ్మినిస్ట్రేటరు అనుమతి కావలెనని తెర చెప్పినదనుకొందము. మన కంటికి డెస్క్‌టాప్ ఒకటిగా కనిపించును గాని, నిజమునకు అది రెండు ఫోల్డర్లను కలిపి చూపు తెర. ఒకటి మన సొంత ఖాతాలోని డెస్క్‌టాప్ ఫోల్డరు. రెండవది సి డ్రైవులో 'యూజర్స్', అందు 'పబ్లిక్', అందు 'డెస్క్‌టాప్' అను దాగిన ఫోల్డరు. కంప్యూటరు వాడు వారందరి కొరకును స్థాపించిన ప్రోగ్రాముల షార్ట్‌కట్‌లు ఈ రెండవ దానిలో చేరును. మన నోటుపుస్తకములోని కాగితము మనము చింపవచ్చును. కళాశాల నోటీసు బోర్డు మీది కాగితము చింపుటకు ప్రిన్సిపాలు గారి అనుమతి కావలెను. ఇదియు అంతే. సొంత కంప్యూటరు అయినచో 'కంటిన్యూ' నొక్కి, అడ్మినిస్ట్రేటరు సంకేతపదము ఇచ్చిన చాలును. ప్రయోగశాలలో అయినచో ఆ బొమ్మను వదలివేయుటే మర్యాద. ఏలయన అది ఒకరి తెర నుండి తొలగినచో, ఆ కంప్యూటరును వాడు అందరి తెర నుండియు తొలగును. ఒకే పేరుతో రెండు బొమ్మలు పక్కపక్కన కనిపించినపుడు కూడ తరచుగా ఒకటి సొంత ఫోల్డరులోనిది, రెండవది ఉమ్మడి ఫోల్డరులోనిది అయి ఉండును.

'ఈ వస్తువు కనబడుట లేదు' అను సందేశము వేరు రకము. ఫైలు ఎప్పుడో పోయినది, బొమ్మ మాత్రము తెరపై నిలిచినది. ఎఫ్5 మీట నొక్కిన చాలవరకు మాయమగును. కానిచో కంట్రోల్, షిఫ్ట్, ఎస్కేప్ మీటలు కలిపి నొక్కి, టాస్క్ మేనేజరులో 'విండోస్ ఎక్స్‌ప్లోరర్' అను దానిని ఎంచి 'రీస్టార్ట్' అనవలెను. తెర ఒక క్షణము ఖాళీ అయి మరల వచ్చును, భయపడ నవసరము లేదు. రీసైకిల్ బిన్, దిస్ పీసీ వంటివి అసలు ఫైళ్ళే కావు కనుక డిలీట్‌కు లొంగకపోవచ్చును. సెట్టింగులలో పర్సనలైజేషన్, దాని క్రింద థీమ్స్, అందు 'డెస్క్‌టాప్ ఐకాన్ సెట్టింగ్స్' తెరచి టిక్కు తీసివేయవలెను.

తొలగించిన బొమ్మ మరునాడు తిరిగి ప్రత్యక్షమైనచో దయ్యమని తలచరాదు. కొన్ని ప్రయోగశాలలలో 'డీప్ ఫ్రీజ్' వంటి సాధనము ఉండును. అది కంప్యూటరును పునఃప్రారంభించిన ప్రతిసారియు పూర్వస్థితికి తెచ్చును. అట్టిచోట బొమ్మ తిరిగి వచ్చుట లోపము కాదు, ఏర్పాటు. డెస్క్‌టాప్‌ను వన్‌డ్రైవ్‌తో జతపరచినవారికి ఇంటి కంప్యూటరులోని షార్ట్‌కట్‌లు కళాశాల కంప్యూటరులోను దర్శనమిచ్చును. అవి చూపు ప్రోగ్రాము ఇక్కడ లేనందున తెల్ల కాగితము వలె కనిపించును.

రెండు భాషల కళాశాల వారమైన మనకు పేర్ల చిక్కు ప్రత్యేకముగా చెప్పదగినది. పేరు చివర ఖాళీ గాని చుక్క గాని చేరినచో, విండోస్ ఆ పేరును వెదకునపుడు ఆ చివరి గుర్తును తానే కత్తిరించుకొని, అట్టి ఫైలు లేదని బదులు చెప్పును. ఫైలు ఎదుటనే ఉండును! దీనికి 7-జిప్ అను ఉచిత సాధనపు ఫైల్ మేనేజరులో పేరు మార్చి తొలగించుట సులభమార్గము. తెలుగు పేర్లలో మరొక విశేషము. 'షార్ట్‌కట్' అని వ్రాయునపుడు పొల్లు తరువాత అక్షరము ఒత్తుగా మారకుండ కంటికి కనబడని గుర్తు ఒకటి చేరును. అది ఉన్న పేరు వేరు, లేని పేరు వేరు. ఉర్దూలోనైతే ఉర్దూ 'యే', అరబీ 'యే' పద మధ్యమున ఒకే తీరుగా కనిపించినను కంప్యూటరుకు అవి రెండు అక్షరములు. 'కాఫ్' సంగతియు అంతే. కనుక ఆజ్ఞల తెరపై పేరును చేతితో టైపు చేసి తొలగింపబూనుట వృథాశ్రమ. మొదటి అక్షరము ఇచ్చి టాబ్ మీట నొక్కినచో యంత్రమే సరియైన పేరును పూరించును. ఆ తెరపై తెలుగు అక్షరములు డబ్బాలుగా కనిపించినను పని జరుగును.

అన్నిటికన్న ముఖ్యమైనది పెన్ డ్రైవు వ్యవహారము. చర్ల, దుమ్ముగూడెము వైపు నుండి వచ్చు విద్యార్థులు ప్రాజెక్టు పత్రములు పెన్ డ్రైవులో తెచ్చి, ముద్రణకై జిరాక్సు దుకాణములో ఇత్తురు. తిరిగి వచ్చునప్పటికి అందలి ఫోల్డర్లన్నియు షార్ట్‌కట్‌లై ఉండును. తొలగించిన కొద్దీ అవి మరల మొలచును. మా విద్యార్థిని ఒకతె ఆరు నెలల గ్రామ సర్వే పత్రములు ఇట్లే పోయినవని ఏడ్చినది. నిజమునకు అవి ఆ క్షణమున పోలేదు. ఎవరో దయతలచి ఫార్మాట్ చేసిన పిదపనే పోయినవి.

ఇది ఒక జాతి వైరస్ చేయు పని. అది అసలు ఫోల్డర్లను తుడిచివేయదు; దాచివేయును. అదే పేరుతో షార్ట్‌కట్ పెట్టును. దానిని నొక్కినపుడు ముందు వైరస్ నడచును, వెంటనే అసలు ఫోల్డరు కూడ తెరచుకొనును గనుక అనుమానము కలుగదు. షార్ట్‌కట్ ఎంత ప్రమాదకరమో 2010లో ప్రపంచమునకు తెలిసినది. స్టక్స్‌నెట్ అను వైరస్, బొమ్మను నొక్కకయే, ఫోల్డరు తెరచి చూచినంతనే కంప్యూటరులో ప్రవేశించెడిది. ఆ లోపమును మైక్రోసాఫ్ట్ అదే సంవత్సరము ఆగస్టులో సరిచేసినది.

చికిత్సలో క్రమము ముఖ్యము. ముందు కంప్యూటరు, తరువాత పెన్ డ్రైవు. వైరస్ నడచుచున్నంతసేపు బొమ్మలు తొలగించుట, గోదావరి పొంగుచుండగా వాకిలి ఊడ్చుట వంటిది. తరచుగా ఇది టాస్క్ మేనేజరులో 'డబ్ల్యూస్క్రిప్ట్' అను పేరుతో గాని 'మైక్రోసాఫ్ట్ విండోస్ బేస్డ్ స్క్రిప్ట్ హోస్ట్' అను పేరుతో గాని కనిపించును, దానిని ఆపవలెను. పిమ్మట విండోస్ సెక్యూరిటీలోని ఆఫ్‌లైన్ స్కాన్ నడిపించవలెను. అది అయిన తరువాతనే పెన్ డ్రైవును పెట్టి, దానిని కూడ స్కాన్ చేయించి, ఆజ్ఞల తెరపై ఆ డ్రైవుకు మారి 'అట్రిబ్' ఆజ్ఞ ఇవ్వవలెను. దాని వెంట మైనస్ హెచ్, మైనస్ ఆర్, మైనస్ ఎస్ అను మూడు గుర్తులు, నక్షత్రము, చుక్క, నక్షత్రము, చివర ఏటవాలు గీతతో ఎస్, మరల గీతతో డి చేర్చవలెను. దాగిన ఫోల్డర్లు వెలుపలికి వచ్చును. కొన్ని వైరస్‌లు ఫైళ్ళన్నిటిని పేరు లేనట్లు కనిపించు ఒక ఫోల్డరులో కుక్కును, దానిని కూడ తెరచి చూడవలెను. మన పత్రములు, చిత్రములు మాత్రము వేరొక చోటికి నకలు చేసుకొని, అవి తెరచుకొనుచున్నవని ఒక్కొక్కటిగా నిర్ధారించుకొనిన పిమ్మట పెన్ డ్రైవును ఫార్మాట్ చేయవచ్చును. ముద్రణకు ఇచ్చునపుడు పీడీఎఫ్ ప్రతి ఒక్కటి మాత్రమే వేరు పెన్ డ్రైవులో తీసుకొని పోవలెను. అసలు ప్రతి ఇంటనో, ఈమెయిలులోనో ఉండవలెను.