మీకు తెలుసా? ఎయిర్‌బ్రష్ కొనబోయే ముందు

గాలితో రంగు చిమ్మే చేతి పరికరానికి 1876లోనే పేటెంటు తీసుకున్న ఫ్రాన్సిస్ స్టాన్లీ అనే అమెరికన్, ఆ తర్వాత ఆవిరితో నడిచే కార్లు తయారుచేసి పేరు తెచ్చుకున్నాడు. ఆ పేటెంటు తర్వాత మూడేళ్లకు అయోవా రాష్ట్రంలో అబ్నర్ పీలర్ అనే నగల పనివాడు ఇంకో పరికరం చేశాడు. దానికి వాడిన సామాను ఏమిటంటే ఒక చెంచా, కుట్టుమిషను సూది, స్క్రూడ్రైవరు, నాలుగు చెక్కముక్కలు! హక్కుల్ని 700 డాలర్లకు లిబర్టీ వాకప్ అనే వ్యాపారికి అమ్మేశాడు. ఈనాడు మనం చూసే పెన్నులాంటి ఎయిర్‌బ్రష్ మాత్రం 1890ల తొలినాళ్లది. చార్లెస్ బర్డిక్ దాన్ని రూపొందించాడు, 1893లో షికాగో ప్రపంచ ప్రదర్శనలో జనం చూశారు. రంగు, గాలి లోపలే కలిసి బయటికొచ్చే ఆ పద్ధతి నూట ముప్పై ఏళ్లు దాటినా పెద్దగా మారలేదు. కాబట్టి "కొత్త టెక్నాలజీ మోడల్" అని దుకాణదారు ఊరిస్తే చిన్నగా నవ్వి ఊరుకోండి.

*

అప్పట్లో దీని ముఖ్యమైన పని ఫోటోలు దిద్దడం. ఒక ఫోటోలో సోవియట్ నేత స్టాలిన్ పక్కన కాలువ గట్టున నిలబడ్డ రహస్య పోలీసు అధిపతి యెజోవ్, 1940లో మరణశిక్ష పడ్డాక, అదే ఫోటోలోంచి మాయమైపోయాడు. అతని చోట నీళ్లు కనిపిస్తాయి. రిటచింగ్ కళాకారుల చేతిలో ఎయిర్‌బ్రష్‌కు దక్కిన అపకీర్తి ఇది. మంచిపేరు తెచ్చినవాళ్లూ ఉన్నారు. 1979లో వచ్చిన 'ఏలియన్' సినిమాలోని వికృతజీవికి మూలమైన బొమ్మను స్విస్ చిత్రకారుడు గీగర్ అంతకు మూడేళ్ల ముందే ఎయిర్‌బ్రష్‌తో వేశాడు. సోనీ కంపెనీ 1999లో తెచ్చిన ఐబో రోబో కుక్కకు రూపమిచ్చిన జపాన్ చిత్రకారుడు సొరయామా కూడా ఎయిర్‌బ్రష్ మనిషే. లోహం మీద మెరిసే వెలుగును ఆయన వేసినట్టు ఇంకెవరూ వేయలేరని నా నమ్మకం.

*

వినాయక చవితి దగ్గరపడితే హైదరాబాద్ ధూల్‌పేటలో విగ్రహాల మీద స్ప్రే గన్ను ఆడుతూ కనిపిస్తుంది. దాన్ని చూసి "నాకూ అలాంటిదే కావాలి" అనుకుంటారు కొందరు. కానీ కార్లకు, పెద్ద వస్తువులకు కొట్టే గన్ను నాజిల్ రంధ్రం 1.3, 1.4 మి.మీ. దాకా ఉంటుంది. కాగితం మీద బొమ్మ వేసే ఎయిర్‌బ్రష్ నాజిల్ 0.2 నుంచి 0.5 మి.మీ. లోపే. ఒకదాని పని ఇంకొకటి చేయదు.

*

మొదటిసారి కొనేవాళ్లు ఎక్కువగా మోజుపడేది 0.2 మి.మీ. నాజిల్ మీద. దుకాణంలో దానితో వెంట్రుకంత సన్నటి గీత గీసి చూపిస్తారు మరి. ఇంటికొచ్చి మన రంగు పోసేసరికి రెండు నిమిషాల్లో మూసుకుపోతుంది. గీత సన్నదనం నాజిల్ ఒక్కదాని వల్ల రాదు. కాగితానికి ఎంత దగ్గరగా పట్టుకున్నారు, ట్రిగ్గరు ఎంత వెనక్కి లాగారు, రంగు ఎంత పలచగా ఉంది అన్నవాటి మీదే ఎక్కువ ఆధారపడుతుంది. చేయి తిరిగినవాడు 0.35తో కనురెప్పల వెంట్రుకలు వేస్తాడు. బొమ్మలు నేర్చుకునేవారికి 0.3 లేదా 0.35 సరైన కొలత. ఇవాటా నియో, ఎక్లిప్స్ సీఎస్ రెండింటికీ ఉన్నది 0.35 నాజిలే. బ్యాడ్జర్ పేట్రియట్ 105కి 0.5. ఇది ఇంకా సహనం గలది, చిక్కటి రంగునూ మింగుతుంది, కాకపోతే సన్నపనికి కాస్త మొద్దు.

*

'సింగిల్ యాక్షన్', 'డబుల్ యాక్షన్' అనే మాటలు పెట్టె మీద చూసి తికమకపడొద్దు. మొదటి రకంలో ట్రిగ్గరు నొక్కితే గాలి, రంగు కలిసి వస్తాయి. రంగు ఎంత రావాలో ముందే మర తిప్పి పెట్టుకోవాలి. రెండో రకంలో నొక్కితే గాలి, వెనక్కి లాగితే రంగు. చేయి కదులుతుండగానే గీతను లావు చేయొచ్చు, సన్నం చేయొచ్చు, మాయం చేయొచ్చు. మొదటి వారం విసుగు పుట్టిస్తుంది. అయినా బొమ్మలు వేయాలనుకుంటే డబుల్ యాక్షన్‌తోనే మొదలుపెట్టండి. తేలికని సింగిల్ కొన్నవాళ్లలో చాలామంది తర్వాత రెండోది కొంటారు.

ఒక్క అలవాటు మొదటి రోజే చేసుకోవాలి. ముందు గాలి, తర్వాత రంగు. ఆపేటప్పుడు ముందు రంగు, తర్వాత గాలి. ట్రిగ్గరును టక్కున వదిలేస్తే సూది మొనమీద నిలిచిన చుక్క, మళ్లీ నొక్కగానే బొమ్మ మీద టప్పున పడుతుంది. అదీ ఎప్పుడూ పూర్తికావచ్చిన ముఖం మీదే!

*

రంగు కప్పు పైనుంటే రంగు దాని బరువుకు అదే దిగుతుంది, తక్కువ గాలి చాలు, నాలుగు చుక్కలతో పని మొదలవుతుంది. సీసా కింద వేలాడే రకానికి రంగును పైకి లాగేందుకు ఎక్కువ గాలి కావాలి. టీషర్టులకు, పెద్ద బోర్డులకు అది మేలు. కాగితం బొమ్మకు పై కప్పే.

*

బొమ్మలకు కావలసిన గాలి ఒత్తిడి 15 నుంచి 25 పీఎస్‌ఐ. చాలా స్కూటర్ల వెనక టైరులో పట్టేదానికంటే తక్కువే! మరి కంప్రెసర్‌కు అంత ఖర్చు దేనికంటారా? ఒత్తిడి ఎంత అన్నదానికంటే అది నిలకడగా ఉండటం ముఖ్యం. కార్ టైర్లకు గాలి కొట్టే చిన్న పంపుకి ట్యాంకు ఉండదు. గాలి దడదడమని విడతలుగా వస్తుంది, నున్నటి షేడింగులో చారలు పడతాయి. గాలి డబ్బాలతో ఇంకో చిక్కు. లోపలి ద్రవం ఆవిరయ్యేకొద్దీ డబ్బా చల్లబడి మంచు పడుతుంది, ఒత్తిడి పడిపోతుంది. పాతరోజుల్లో డబ్బుల్లేని కళాకారులు కారు స్టెప్నీ టైరుకు పైపు తగిలించి బొమ్మలు వేసేవారు. అందుకోసం ప్రత్యేకంగా అడాప్టర్లే అమ్మేవారు.

నూనె అక్కర్లేని చిన్న పిస్టన్ కంప్రెసర్, దానికి మూడు లీటర్ల ట్యాంకు, ఒత్తిడి తగ్గించే రెగ్యులేటరు, మీటరు, తేమను పట్టే ఫిల్టరు ఉంటే ఇంటికి సరిపోతుంది. పాత ఫ్రిజ్ కంప్రెసర్‌తో సొంతంగా చేసుకునేవాళ్లు ఉన్నారు. చప్పుడు ఉండదు, నిజమే. కాని లోపలి నూనె గాలితోపాటు కొంచెం కొంచెంగా వచ్చి కాగితం మీద జిడ్డు మచ్చలు వేస్తుంది. సేఫ్టీ వాల్వు లేకుండా ట్యాంకు బిగిస్తే అది ఇంట్లో ఉంచదగిన వస్తువు కాదు.

*

విశాఖలోనో కాకినాడలోనో మచిలీపట్నంలోనో ఉంటే తేమ ఫిల్టరును అదనపు సామాను అనుకోకండి. గాలిని నొక్కినప్పుడు వేడెక్కుతుంది. పైపులోకి వచ్చి చల్లబడగానే అందులోని తేమ నీటిబొట్లుగా మారుతుంది. ఆ బొట్టు నాజిల్ దాకా వస్తే ఆకాశం వేస్తున్న నీలం మధ్యలో తెల్లటి మచ్చ! కంప్రెసర్ మీద బిగించిన ఫిల్టరు వేడిగాలినే చూస్తుంది. ఎయిర్‌బ్రష్ పిడి దగ్గర ఇంకో చిన్న ఫిల్టరు తగిలిస్తే చల్లబడ్డ నీరు అక్కడ చిక్కుతుంది. పని అయ్యాక ట్యాంకు అడుగు మర విప్పి నీళ్లు వదిలేయడం మరవద్దు, లోపల తుప్పు పడుతుంది.

*

ఇక రంగులు. ఎయిర్‌బ్రష్ పాడైందని తిరిగిచ్చేసిన వాటిలో చాలావాటికి జబ్బు ఎయిర్‌బ్రష్‌ది కాదు, రంగుదే అని నా అభిప్రాయం. ఇంట్లో ఉన్న ఫ్యాబ్రిక్ రంగో, క్రాఫ్ట్ అక్రిలిక్కో నీళ్లు కలిపి పోసేస్తారు. వాటి వర్ణక రేణువులు మొరటుగా ఉంటాయి. పైగా అక్రిలిక్‌లో నీళ్లు మరీ ఎక్కువైతే రేణువుల్ని పట్టి ఉంచే బంధకం పలచబడి, ఆరాక వేలితో రుద్దితే రంగు పొడిలా లేస్తుంది. అలాంటి రంగే వాడాల్సి వస్తే అక్రిలిక్ మీడియంతో పలచన చేసి, సన్నటి నైలాన్ గుడ్డలో వడకట్టి పోయండి. కప్పు గోడ మీదికి తీసి వదిలితే పాలు జారినట్టు జారాలి, అంత పలచన.

అసలు ఎయిర్‌బ్రష్ కోసమే చేసిన రంగులు సీసాలోంచి నేరుగా పోసుకోవచ్చు. క్రియేటెక్స్, గోల్డెన్ హై ఫ్లో, ష్మింకే ఏరో కలర్ ఈ కోవలోవి. ఖరీదు ఎక్కువే, కాని నేర్చుకునే మొదటి నెలల్లో "తప్పు నాదా, రంగుదా" అన్న సందేహం తీర్చేస్తాయి. ఖరీదైనవి కాబట్టి అన్ని రంగుల సెట్టు వద్దు, ఒక నలుపు సీసా కొనండి. చుక్కలు, గీతలు, ఒక చివర లావుగా మొదలై ఇంకో చివర మాయమయ్యే గీతలు, ఒక గుడ్డు బొమ్మ. ఇవన్నీ ఒక్క నలుపుతోనే వస్తాయి.

కామ్‌-ఆర్ట్ రంగులకు ఇంకో సుగుణం ఉంది. ఆరాక రబ్బరుతో చెరపొచ్చు, బ్లేడుతో గీకొచ్చు. జుట్టు మీద మెరుపు, కంట్లో వెలుగు చుక్క ఇలాగే తీస్తారు. ముఖచిత్రాలు వేయాలనుకునేవారికి నా మొగ్గు వీటి వైపే.

అక్రిలిక్‌లు రాకముందు ఇలస్ట్రేటర్లు ఎక్కువగా వాడింది గ్వాష్, వాటర్‌కలర్. ఇప్పటికీ పనికొస్తాయి, నీళ్లతో కడిగితే పరికరం శుభ్రమైపోతుంది. కాకపోతే ఆరిన గ్వాష్ తడి తగిలితే మళ్లీ కరుగుతుంది. ఫోటోలకు రంగులద్దడానికి మన స్టూడియోల్లో వాడిన పారదర్శకమైన ద్రవ రంగులూ హాయిగా స్ప్రే అవుతాయి. అయితే వర్ణకరేణువులు లేని డై రంగులు వెలుతురుకు వెలిసిపోతాయి. స్కాన్ చేసి పుస్తకానికి ఇచ్చే బొమ్మైతే ఫరవాలేదు, ఫ్రేము కట్టి గోడకు తగిలించేదైతే వద్దు. లక్కతో చేసిన నల్ల డ్రాయింగు ఇంకు మాత్రం పొరపాటున కూడా లోపల ఆరనివ్వకండి.

*

తెల్లరంగు ఎయిర్‌బ్రష్‌లోంచి వస్తే నీలంగా కనిపిస్తుంది! ముదురు రంగు మీద తెలుపును పలచగా చిమ్మితే ఆ పొరలోని సన్నటి రేణువులు వెలుగులోని నీలాన్ని ఎక్కువగా చెదరగొడతాయి. కొత్తవాళ్లు చెంప మీద మెరుపు పెట్టబోతే మనిషి చలికి వణుకుతున్నట్టు తయారవుతాడు. తెలుపులో ఒక్క చుక్క నారింజో పసుపో కలిపితే సర్దుకుంటుంది. ఇంకా మంచి ఉపాయం తెలుపు వాడకపోవడం. కాగితం తెలుపునే వదిలేసి, పారదర్శక రంగులతో లేతనుంచి ముదురుకు వెళ్లడం.

*

కొన్ని రంగుల సీసాల మీద "స్ప్రే చేయరాదు" అని రాసి ఉంటుంది. క్యాడ్మియం ఎరుపు, క్యాడ్మియం పసుపు అలాంటివి. కుంచెతో వాడితే ఇబ్బంది లేదు. పొగమంచులా గాల్లో తేలి ఊపిరితిత్తుల్లోకి వెళ్తేనే ప్రమాదం. అదే ఛాయ ఇచ్చే, క్యాడ్మియం లేని రంగులు దొరుకుతాయి. నీళ్ల రంగులే కదా అని మాస్కు మానేయకండి. రేణువులకు ఎన్95 చాలు. థిన్నర్ వాసనొచ్చే రంగులకు అది చాలదు, వాటికి ఆవిర్లు పట్టే కార్ట్రిడ్జి మాస్కు కావాలి. పిల్లలు పడుకునే గదిలో ఏ రంగూ వద్దు.

*

పని మధ్యలో రంగు ఉన్నట్టుండి ఆగిపోయి, ట్రిగ్గరు ఇంకా లాగితే గబుక్కున ఉమ్మేస్తోందా? ముందున్న మూత తీసి సూది మొన చూడండి. అక్కడ అక్రిలిక్ ఆరి చిన్న ముద్ద కట్టి ఉంటుంది. తడి కుంచెతో తుడిస్తే పోతుంది. ఎండాకాలంలో, ఫ్యాను కింద ఇది మరీ ఎక్కువ. ఆరడాన్ని ఆలస్యం చేసే రిటార్డరు ఒక చుక్క కలిపితే కాస్త ఊరట.

కప్పులో రంగు బుడగలు వేస్తే నాజిల్ వదులైందనో, చిట్లిందనో అర్థం. కాగితం మీద రంగు సాలీడు కాళ్లలా పాకితే మరీ దగ్గరగా, మరీ ఎక్కువగా కొట్టారు. ఇసుక చల్లినట్టు పడితే రంగు చిక్కనైంది, లేదా గాలి చాలలేదు.

*

బొమ్మ అంచులు పదునుగా రావడానికి అంటించే మాస్కింగ్ ఫిల్మ్ దొరక్కపోతే దిగులు పడకండి. మందపాటి ట్రేసింగ్ పేపరును కత్తిరించి, అంచుల మీద చిల్లర నాణేలు బరువు పెడితే చాలు. ఆ ట్రేసింగ్ పేపరును కొంచెం ఎత్తి పట్టుకుంటే అంచు మెత్తబడుతుంది. మేఘాలకు చింపిన దూది పెట్టి చుట్టూ స్ప్రే కొట్టేవాళ్లూ ఉన్నారు.

*

నాజిల్ అన్నది బియ్యపు గింజ కంటే పెద్దదేం కాదు. సింకులో కడుగుతుంటే జారి పోయే వస్తువుల్లో దీనిది మొదటి స్థానం. కింద గిన్నె పెట్టి కడగండి. బిగించేటప్పుడు బలం చూపిస్తే చిట్లుతుంది. అమ్మోనియా ఉన్న అద్దాల క్లీనరులో నానబెడితే ఇత్తడి దెబ్బతింటుంది.

అందుకే కొనేముందు దుకాణంలో ఒక్క ప్రశ్న అడగండి: "దీని నాజిల్, సూది విడిగా దొరుకుతాయా?" ఔనంటే ధర మాట్లాడండి, అప్పుడే హోస్ పైపు మర మీ కంప్రెసర్‌కు సరిపోతుందో లేదో కూడా బిగించి చూపించమనండి. బ్యాడ్జర్, పాష్ కంపెనీల మరలు వేరు, అడాప్టరు కావాలి. నాజిల్, సూది విడిగా దొరకవంటే ఆ పరికరం ఎంత చవకగా వచ్చినా వద్దు.