కుక్కలలో జీర్ణాశయ, ప్రేగు పుండ్లు – ఎండోస్కోపీ ద్వారా నిర్ధారణ

కృష్ణా నది ఒడ్డున ఉన్న తోట్లవల్లూరు పరిసర గ్రామాలలో తోటలకు, పశువుల పాకలకు కుక్కే కాపలా. అది కుంటినా, జ్వరపడినా ఇంట్లో మనుషులు వాడే నొప్పి మాత్రను అన్నంలో కలిపి పెట్టడం కొందరికి అలవాటు. ఐబుప్రోఫెన్, డైక్లోఫినాక్, ఆస్పిరిన్ వంటి మందులు కుక్కల జీర్ణాశయంలోను, చిన్నప్రేగు మొదటి భాగంలోను పుండ్లు కలిగించగలవు.

కారణాలు

జీర్ణాశయపు లోపలి పొరను ఆమ్లం నుండి కాపాడే జిగురు, రక్తప్రసరణ ప్రోస్టాగ్లాండిన్లపై ఆధారపడి ఉంటాయి. నొప్పి మందులు వీటి తయారీని తగ్గిస్తాయి. స్టెరాయిడ్లతో కలిపి వాడినప్పుడు ప్రమాదం మరింత ఎక్కువ. కాలేయ, మూత్రపిండ వ్యాధులు, కణుతులు, మింగిన ఎముకల వంటి వస్తువులు కూడా పుండ్లకు కారణం కావచ్చు.

లక్షణాలు

మేత మానడం, వాంతులు, వాంతిలో కాఫీ పొడి రంగులో రక్తం, తారు వలె నల్లని మలం, కడుపునొప్పి, పాలిపోయిన చిగుళ్ళు ముఖ్య లక్షణాలు. కొంకి పురుగులు, పిడుదుల ద్వారా సోకే ఎర్లీషియా వ్యాధిలో కూడా రక్తహీనత కనిపిస్తుంది. కనుక ముందుగా మల, రక్త పరీక్షలు చేయించాలి.

ఎండోస్కోపీ విధానం

ఎండోస్కోప్ చివర దీపం, కెమెరా గల వంగే గొట్టం. పరీక్షకు ముందు కనీసం 12 గంటలు కుక్కకు ఆహారం పెట్టరాదు. పూర్తి మత్తు ఇచ్చి, ఎడమ ప్రక్కకు పడుకోబెట్టి, నోరు మూసుకొనకుండా సాధనం అమర్చి గొట్టాన్ని నోటి ద్వారా పంపుతారు. గాలి నింపి అన్నవాహిక, జీర్ణాశయం, చిన్నప్రేగు మొదటి భాగాన్ని వరుసగా పరిశీలిస్తారు.

ఆరోగ్యవంతమైన పొర గులాబీ రంగులో నునుపుగా మెరుస్తుంది. పుండు ఉన్నచోట గుంట, ఎర్రగా ఉబ్బిన అంచులు, రక్తస్రావం కనిపిస్తాయి. కణుతి వలన ఏర్పడిన పుండు అంచులు సాధారణంగా మందంగా, గట్టిగా ఉంటాయి. చూపుతో మాత్రమే నిర్ధారించక, పుండు అంచు నుండి చిన్న ముక్కలు తీసి పరీక్షకు పంపాలి. నడిమి భాగం పలుచగా ఉండి చిల్లుపడే ప్రమాదం ఉన్నందున అక్కడ ముక్క తీయరాదు.

పరిమితులు

చిన్నప్రేగు మధ్యభాగానికి ఈ గొట్టం చేరదు. పెద్దప్రేగును మలద్వారం గుండా వేరుగా పరీక్షించాలి. ప్రేగుకు చిల్లుపడినట్లు అనుమానం ఉంటే ఎండోస్కోపీ చేయరాదు. ఎక్స్‌రే, అల్ట్రాసౌండ్ పరీక్షలు చేసి, అవసరమైతే వెంటనే శస్త్రచికిత్స చేయాలి.

చికిత్స, జాగ్రత్తలు

పుండుకు కారణమైన నొప్పి మందును ఆపడం మొదటి చికిత్స. చాలాకాలంగా వాడుతున్న స్టెరాయిడ్లను మాత్రం ఒక్కసారిగా ఆపక, వైద్యుని సలహాపై క్రమంగా తగ్గించాలి. ఆమ్లాన్ని తగ్గించే ఒమెప్రజోల్, పుండుపై పూతగా ఏర్పడే సుక్రాల్ఫేట్ మందులను పశువైద్యుడు కుక్క బరువును బట్టి నిర్ణయిస్తారు. రక్తం ఎక్కువగా పోయిన కుక్కకు రక్తం ఎక్కించవలసి రావచ్చు.

నల్లని మలం గాని, రక్తపు వాంతి గాని కనిపించిన వెంటనే స్థానిక పశువైద్యుని సంప్రదించాలి. ఇచ్చిన మాత్రల పేరు, ఎన్ని రోజులు ఇచ్చినదీ దాచకుండా చెప్పాలి. వీలైతే ఖాళీ అట్టను వెంట తీసుకొని వెళ్ళాలి. మరింత పరీక్ష అవసరమైనచో గన్నవరంలోని ఎన్.టి.ఆర్. పశువైద్య కళాశాల వంటి బోధనాసుపత్రులలో ఏ సదుపాయాలు ఉన్నవో ఆ వైద్యుని ద్వారా ముందుగా తెలుసుకొని వెళ్ళడం మంచిది. పశువైద్యుని సలహా లేకుండా మనుషుల మాత్ర ఏదీ కుక్కకు ఇవ్వరాదు.