వృత్తి మార్గదర్శకుల శిక్షణకు ప్రభుత్వ ద్రవ్యము: పొరుగు రాష్ట్రముల తెలుగు పాఠశాలల భాగము

పదవ తరగతి ఫలితములు వెలువడిన మరునాడు మా పాఠశాల వసారాలో ఒక్కటే ప్రశ్న వినబడును. "అయ్యోరూ, ఇంక వీణ్ణి ఏం చదివించేది?" అడుగువారు రైతులు, చిల్లర వర్తకులు, హోసూరు చుట్టుప్రక్కల కర్మాగారములకు దినకూలికి పోవువారు. ఈ ప్రాంతమున తెలుగు బోధించుట నా వృత్తి. పద్యము, వ్యాకరణము చెప్పుటకు నాకు శిక్షణ గలదు. ఈ ప్రశ్నకు బదులు చెప్పుటకు లేదు. అయినను చెప్పక తప్పదు. ఏలయన ఆ తల్లిదండ్రులు తమ భాషలో నిస్సంకోచముగా అడుగదగిన చదువరి ఆ యూర తరచుగా తెలుగు పంతులొక్కడే. అట్టి పంతులునకు తగిన శిక్షణ నెవ్వరు ఇప్పింపవలెను, దాని వ్యయమెవ్వరు భరింపవలెను అను విషయమును ఈ వ్యాసమున పరిశీలింతును.

ఇది మన దేశమున క్రొత్తగా పుట్టిన ప్రశ్న కాదు. 1952లో భారత ప్రభుత్వము నియమించిన మాధ్యమిక విద్యా సంఘము, మదరాసు విశ్వవిద్యాలయ ఉపకులపతులైన డాక్టరు లక్ష్మణస్వామి మొదలియారుగారి అధ్యక్షతన పనిచేసి, 1953లో నివేదిక సమర్పించినది. విద్యాలయములన్నింటికిని మార్గదర్శక అధికారులను, కెరీర్ మాస్టర్లను క్రమక్రమముగా సమకూర్పవలెనని ఆ సంఘము సిఫారసు చేసినది. వారికి శిక్షణనిచ్చు కేంద్రములను వివిధ ప్రాంతములలో తెరచు బాధ్యతను కేంద్ర ప్రభుత్వము వహింపవలెననియు, ఒక్కొక్క రాష్ట్రము తన ఉపాధ్యాయులను అచ్చటికి పంపవలెననియు చెప్పినది.

ఇందు రెండు తరగతులవారు గలరని పాఠకులు గమనింపవలెను. మార్గదర్శక అధికారి మనశ్శాస్త్రమున దీర్ఘకాలిక శిక్షణ పొందినవాడు. పిల్లవాని అభిరుచిని, శక్తిని పరీక్షించి తూచగలవాడు. కెరీర్ మాస్టరన్ననో, బడిలోనే పాఠములు చెప్పుకొనుచు, ఏ చదువునకు ఏ వాకిలి తెరచియున్నది, ఎప్పుడు మూయబడును అను సంగతి తెలిసి చెప్పు ఉపాధ్యాయుడు. మా పల్లెలకు ముందు కావలసినవాడు ఈ రెండవవాడే.

1954లో విద్యా మంత్రిత్వశాఖ ఢిల్లీలో విద్యావృత్తి మార్గదర్శక కేంద్ర కార్యాలయమును నెలకొల్పినది. పిదప పలు రాష్ట్రములును అట్టి కార్యాలయములను ఏర్పరచుకొన్నవి. అంతకుముందే ఒక అల్పసంఖ్యాక సమాజము ఈ పనికి పూనుకొన్నదని చెప్పుట ఈ సంచిక పాఠకులకు ఆసక్తికరమగును. బొంబాయి పారశీక పంచాయతీ 1947లోనే తన వృత్తి మార్గదర్శక కార్యాలయమును తెరచినది. బొంబాయి ప్రభుత్వపు కార్యాలయము వెలసినది 1950లో. సర్కారు కంటె సంఘమే మూడేండ్లు ముందు నడచినదన్నమాట.

ద్రవ్యము సంగతికి వత్తము. ఉపాధి కల్పన కార్యాలయముల దైనందిన పరిపాలన 1956 నవంబరు 1వ తేదీన రాష్ట్రముల చేతికి వచ్చినది. వ్యయమున నూటికి 60 పాళ్లు కేంద్రము, 40 పాళ్లు రాష్ట్రము భరించునట్లు నిర్ణయమైనది. భాషాప్రయుక్త ప్రాతిపదికపై రాష్ట్రముల పునర్విభజన అమలైనదియు ఆ దినముననే. 1969 ఏప్రిల్ నుండి ఆ 60 పాళ్లును రాష్ట్రములపైననే పడినవి. మార్గదర్శకత్వమునకు కేంద్రపు సొమ్ము ఒక పథకముగా వచ్చును, పథకము ముగియును, పిదప దానిని నిలుపుకొనుట రాష్ట్రపు ఇచ్ఛ. బడ్జెటు ఇరుకైనపుడు ముందుగా కత్తెర పడునది కనబడని పనికి. సలహా చెప్పుట కనబడని పని.

1964–66 నాటి కొఠారీ సంఘము ఈ చిక్కు నెరిగియే కాబోలు, మితమైన యేర్పాటు నొకదానిని సూచించినది. పది ఉన్నత పాఠశాలల సముదాయమునకు ఒక సంచార సలహాదారుడు ఉండవలెను. ఆ బడుల ఉపాధ్యాయులు అతనికి తోడ్పడవలెను. ఉపాధ్యాయ శిక్షణలోనే మార్గదర్శకత్వము ఒక భాగము కావలెను. ఆలోచన మంచిది. కాని పది బడులను గుదిగ్రుచ్చునపుడు భౌగోళికముగా దగ్గరివానినే కూర్తురు. మా వైపున అట్టి పదింటిలో తెలుగు బడి ఒకటో రెండో యుండును. వచ్చు సలహాదారుడు తొమ్మిది బడుల భాష నెరిగి పదవదాని భాష నెరుగనివాడగును.

ఇందుకు ఆక్షేపణ కలదు. 2006 నాటి చట్టము వచ్చినది మొదలు మా పిల్లలు తమిళము చదువుచునే యున్నారు గదా, తమిళ కరపత్రము చదువలేరా అని కొందరందురు. చదువగలరు. కాని పిల్లవాని చదువును నిర్ణయించువారు తల్లిదండ్రులు, పెక్కుచోట్ల అవ్వాతాతలు. నేనొకమారు రెండు దినముల శిక్షణ శిబిరమునకు పోయి సంచినిండుగ కరపత్రములు తెచ్చితిని. అన్నియు తమిళమున, కొన్ని ఇంగ్లీషున. ఇంటింటికి పంచితిని, పిదప ఇంటింటికి పోయి చదివి చెప్పితిని. రెండవ పనికి శిబిరమున ఎవ్వరును నాకు నేర్పలేదు.

భాష కంటె పెద్ద సంగతి మరియొకటి గలదు: మా పిల్లలకు చెప్పవలసిన సలహాయే వేరు. తమిళ మాధ్యమమున చదివినవారికి రాష్ట్ర ప్రభుత్వోద్యోగములలో 20 శాతము ప్రాధాన్యము 2010 నాటి చట్టముచే లభించినది. 2020 సవరణముతో, ఆ మేలు పొందగోరువాడు బడి చదువు మొదలుకొని తమిళ మాధ్యమముననే చదివియుండవలెను. తెలుగు మాధ్యమమున పదవ తరగతి ముగించి, ఆపైన తమిళ మాధ్యమమునకు మారిన బాలుడు దీనికి అర్హుడు కాడు. 2021 డిసెంబరు ఉత్తరువు ననుసరించి సర్వీసు పరీక్షలలో తమిళ పత్రమున కనీసము 40 శాతము తెచ్చుకొననివాని తక్కిన పత్రములు లెక్కకు రావు. ఈ నియమముల యుక్తాయుక్తములు ఇచ్చట చర్చనీయములు కావు. పదునైదేండ్ల వానికి ఇవి ముందుగా తెలియవలెననుటయే నా వాదము. డిగ్రీ చేతికి వచ్చిన పిదప తెలిసికొన్నవారిని నే నెరుగుదును.

ఆవలివైపు భ్రమయు నట్టిదే. "మేము తెలుగువాండ్లం గదా, తిరుపతిలో సీటు ఈరా?" అని ఒక తండ్రి నన్నడిగెను. ఆంధ్రప్రదేశమున స్థానికత చదువును, నివాసమును బట్టి లెక్కింపబడును గాని మాతృభాషను బట్టి కాదు. 371–డి అధికరణము క్రింద 1974లో వచ్చిన రాష్ట్రపతి ఉత్తరువు సీట్లలో 85 శాతము స్థానికుల కుద్దేశించినది. హోసూరులో చదివిన బాలుడు అచ్చట స్థానికేతరుడే. ఈ మాట చెప్పినపుడు ఆ తండ్రి ముఖము చిన్నబోయినది. సామాన్య శిక్షణ పొందిన సలహాదారుడు ఈ రెండు గట్ల లెక్కను ఎరుగడు. ఎరుగకపోవుట అతని తప్పును కాదు.

రాజ్యాంగమున 350–ఎ అధికరణము మాతృభాషలో బోధన సౌకర్యములను ప్రాథమిక దశకు మాత్రమే చెప్పుచున్నది. వృత్తి సలహా అవసరమగునది మాధ్యమిక దశలో. రక్షణ నిలిచిపోయినచోటనే అవసరము మొదలగుచున్నది. కాని 30వ అధికరణము రెండవ ఖండము సహాయ ద్రవ్య మిచ్చుటలో అల్పసంఖ్యాకుల యాజమాన్యమను కారణముచే ఏ విద్యాసంస్థపట్లను వివక్ష చూపరాదనుచున్నది. తమిళనాడు ప్రభుత్వము 2022 మార్చి 1న ప్రారంభించిన 'నాన్ ముదల్వన్' పథకము వంటివానిలో ఉపాధ్యాయుల శిక్షణకు సొమ్ము వెచ్చించునపుడు, తెలుగు, కన్నడ, ఉర్దూ బడుల ఉపాధ్యాయులకు ప్రత్యేకముగా కొన్ని స్థానములు కేటాయింపుడని అడుగుటకు మనకు ఆధారము లేకపోలేదు.

అడుగునపుడు స్పష్టముగా అడుగవలెను. జాతీయ విద్యా పరిశోధన శిక్షణ మండలివారి మార్గదర్శకత్వ డిప్లొమా ఒక యేటిది. దక్షిణ రాష్ట్రములకు మైసూరులోని ప్రాంతీయ విద్యాసంస్థ కేంద్రము. అందు ఆరు నెలలు దూరవిద్య, మూడు నెలలు కేంద్రమున ముఖాముఖి బోధన, మూడు నెలలు స్వస్థలమున అభ్యాసము. అనగా ఉపాధ్యాయుడు బడి విడిచి యుండవలసినది మూడు నెలలే. శిక్షణ వ్యయమనగానే అందరు రుసుమును తలంతురు. నిజమైన వ్యయము అది కాదు. ఒక్కడే తెలుగు పంతులున్న బడిలో ఆ మూడు నెలలు పాఠము చెప్పువాడెవడు? ప్రత్యామ్నాయ ఉపాధ్యాయుని జీతమునకు పద్దు లేనందున ప్రధానోపాధ్యాయుడు పంపుటకు జంకును, పంతులు అడుగుటకు జంకును. పెద్ద బడినుండి ఒకడు పోయిన తక్కినవారు సర్దుకొందురు; శిక్షణ పొందువారు పెద్ద బడులవారే యగుటకు ఇది ముఖ్య కారణమని నా అభిప్రాయము.

కావున ప్రభుత్వమును అడుగదగినవి ప్రధానముగా రెండు: రుసుముతోబాటు ఆ మూడు నెలల ప్రత్యామ్నాయ వేతనము, సలహాదారుని బడుల సముదాయమును దూరమును బట్టి గాక భాషను బట్టి కూర్చుట. హోసూరు మొదలు వేపనపల్లి వరకు గల తెలుగు బడులకు ఒక్క పంతులు శిక్షణ పొంది వారమున కొక బడికి పోయినను చాలును. సర్కారు పద్దు తెరచువరకు మొదటి పంతులు ప్రత్యామ్నాయ వేతనమును సంఘమే భరింపవచ్చును. బొంబాయిలో పారశీకులు చేసినది అట్టి పనియే. పంతులు తిరిగి వచ్చిన పిదప అతడు చేయవలసిన తొలిపని, పైన చెప్పిన రెండు గట్ల నియమములను నాలుగు పుటల తెలుగు కరపత్రముగా వ్రాసి, ఏప్రిల్ నెలలో, ఫలితములకు ముందే, ప్రతి యింటికి చేర్చుట. దాని చిత్తుప్రతి నొకటి నేను సిద్ధపరచితిని. నియమములు ఏటేట మారుచుండుటచే దానిని ప్రతి సంవత్సరము సరిచూచు బాధ్యత ఎవ్వరిదో సంఘమువారు నిర్ణయింపవలసియున్నది.