మేడమీద ఇంటర్నెట్ ఎందుకు నెమ్మదిస్తుంది?

మదనపల్లె, పుంగనూరు, కుప్పం లాంటి ఊళ్లలో ఇంటర్నెట్ కరెంటు స్తంభాల మీదుగానూ వస్తుంది. ఆ స్తంభాలనే వాడుకుని ఆప్టికల్ ఫైబర్ లాగిన ఏపీ ఫైబర్‌నెట్‌ను 2017 డిసెంబరు 27న అప్పటి రాష్ట్రపతి రామ్‌నాథ్ కోవింద్ ప్రారంభించారు. మొదట్లో నెలకు 149 రూపాయలకే 15 ఎంబీపీఎస్ వేగం!

మరి ముందుగదిలో రౌటర్ ఉన్నా మేడమీద వీడియో ఎందుకు ఆగుతుంది? రాతిగోడలు, కాంక్రీటు శ్లాబులు వైఫై తరంగాలను బలహీనం చేస్తాయి.

అక్కడ ఈథర్‌నెట్ కేబుల్ ఆదుకుంటుంది. అందులో ఎనిమిది రాగి తీగలు, రెండేసి చొప్పున మెలితిప్పి ఉంటాయి. ఎందుకలా? బయటి విద్యుత్ అలజడి జతలోని రెండు తీగల మీదా దాదాపు సమానంగా పడుతుంది. అవతలి పరికరం ఆ రెండింటి మధ్య తేడానే చదువుతుంది కాబట్టి అలజడి చాలావరకు రద్దయిపోతుంది. ఎంత చక్కని ఉపాయం! ఒక్క కేబుల్ 100 మీటర్ల దాకా నమ్మకంగా పనిచేస్తుంది.

రౌటర్ ప్రతి పరికరానికీ ఐపీ చిరునామా ఇచ్చి, ఇంటిని ఇంటర్నెట్‌తో కలుపుతుంది. దాని పోర్టులు చాలకపోతే స్విచ్ తగిలించాలి. ఏ పోర్టుకు ఏ పరికరం ఉందో స్విచ్ తనంతట తానే నేర్చుకుని, ఎవరి సమాచారం వారికే పంపుతుంది.

ఈ కేబుల్‌ను కరెంటు వైర్లున్న పైపులో మాత్రం దూర్చకూడదు. దానికి వేరే పైపు వేయించాలి.